పంటకు కావలి సరే, చెవికి కావలి ఏది?



మొక్కజొన్న కంకి పాలు పోసుకొను దశలో అడవిపందుల మంద చేనిలో దిగిన యెడల తెల్లవారుసరికి ఏమి మిగులునో మీకు నేను చెప్ప నక్కరలేదు. పురుగుకు మందు కలదు, తెగులుకు మందు కలదు. పందికి మాత్రము కావలియే మందు. ఆ కావలిలో తుపాకి ఉన్నచోట ఒక ముఖ్యమైన సంగతిని మనము పూర్తిగా మరచియున్నాము. అది తుపాకి పట్టిన వాని చెవి.

ముందుగా చట్టము మాట. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము వినోదము కొరకు వేట నిషిద్ధము. నిలువు పంటకు నష్టము కలిగించు జంతువు విషయములో మాత్రము 11వ సెక్షను క్రింద అధికారము గలవారు వ్రాతపూర్వకముగా అనుమతి నీయవచ్చును. తెలంగాణములో 2021లో అడవిపందుల విషయమై ఈ అధికారమును సర్పంచులకు కూడ ఇచ్చి, గుర్తింపు పొందిన వేటగాండ్ర చేతనే కాల్పించవలెనని నిర్ణయించిరి. పంట రక్షణ కొరకు మూతినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు ఇచ్చు వీలు 1959 నాటి ఆయుధముల చట్టములో కలదు. నేను వ్రాయునది ఇట్టి అనుమతి, లైసెన్సు గలవారిని గూర్చి మాత్రమే. అనుమతి లేని వేట నేరము.

నా అనుభవము ఒకటి చెప్పెదను. పంట నష్టము చూచుటకు పోయిన ఒక గ్రామములో ఆ రాత్రి అనుమతి పొందిన వేటగాని వెంట నేనును గట్టు మీద నిలిచితిని. హెచ్చరిక లేకుండ నా ఎడమ ప్రక్కన తుపాకి ప్రేలినది. పంది పడినది. నా ఎడమ చెవిలో మాత్రము కీచురాళ్లు కూసినట్లు మ్రోత మొదలై మూడవనాటికి గాని తగ్గలేదు. అది నా అదృష్టము, అందరికిని తగ్గదు.

మరునాడు అదే గ్రామములో ఒక పెద్దాయనను కలిసితిని. ముప్పది ఏండ్లుగా లైసెన్సు తుపాకితో చేను కాయుచున్నాడు. ఆయన కుడిచేతి వాటము మనిషి. కుడి భుజమునకు తుపాకి ఆనించువాని ఎడమ చెవి తుపాకి మూతి వైపు తిరిగి యుండును. కుడి చెవికి తల కొంత చాటగును. అందుచే మొదట చెడునది ఎడమ చెవి. ఎడమ ప్రక్కనుండి మనుమరాలు పిలిచినను ఆయన పలుకలేదు. చెవిలో ఏమైన పెట్టుకొనరాదా యని అడిగితిని. “చెవులు మూసుకుంటే పంది చప్పుడు ఎట్ల ఇనవడ్తది సారూ?” అన్నాడు. ఇంకొక మాట కూడ అన్నాడు. “ఇప్పుడైతే మూయకున్నా ఇనవడ్తలేదు. కుక్క మొరిగితేనే పంది వచ్చిందని ఎరుక.”

పాఠకులారా, ఆయన అడిగిన ప్రశ్న న్యాయమైనది. కావలివాని పని సగము చెవితోనే జరుగును. కాబట్టి “దూది పెట్టుకొనుము” అని చెప్పి చేతులు దులుపుకొనుట మా వంటివారికి తగదు. పైగా చెవిలో దూది తుపాకి ధ్వనిని ఆపునది కానే కాదు.

ధ్వనిని డెసిబెళ్లలో కొలుతురు. ఈ లెక్కలో 10 పెరిగినచో ధ్వని శక్తి పది రెట్లగును. 85 డెసిబెళ్ల ధ్వనిలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదనియు, ఆపైన ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలము సగమగుననియు అమెరికాలోని నయోష్ అను వృత్త్యారోగ్య సంస్థ సలహా. తుపాకి ప్రేలుడు తుపాకిని బట్టి 140 మొదలు 170 డెసిబెళ్ల వరకు ఉండును. 140 దాటిన ప్రేలుడు ఒక్కటే శాశ్వతమైన హాని చేయవచ్చును. లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగమున సుమారు 15,000 సన్నని రోమకణములు కలవు. అవి నశించినచో మనిషికి తిరిగి పుట్టవు. మొలక చచ్చిన విత్తనమునకు ఎన్ని తడులు పెట్టినను మొలవదు గదా! మొదట పోవునది సన్నని ధ్వనులు: ఎండుటాకుల గలగల, చిన్నపిల్లల మాట, కీచురాయి కూత. అనగా కావలివానికి ఏ చెవి కావలెనో ఆ చెవియే ముందు పోవును.

పెద్దాయన ప్రశ్నకు నేడు జవాబు కలదు. అదే చెవిలో పెట్టుకొను ఎలక్ట్రానిక్ ప్లగ్గు. ఇది చెవి రంధ్రమును మూసివేయును. దాని వెలుపలి చిన్న మైకు చుట్టుప్రక్కల మెల్లని చప్పుళ్లను పట్టి, లోపలి చిన్న స్పీకరు ద్వారా వినిపించును. పెద్ద ధ్వని రాగానే స్పీకరు ఆ ధ్వనిని పెంచి వినిపించదు. తుపాకి పట్టువానికి ఇది విలాసవస్తువు అను వారితో నేను ఏకీభవింపను. అయితే ఖరీదు వేలలో ఉండును గనుక చూచి కొనవలెను.

ఎంపికలో మొదటి సూత్రము ఇది: చెవిని కాపాడునది యంత్రము కాదు, బిగుతు. యంత్రము మనకు వినిపించుటకు మాత్రమే. ప్లగ్గు చెవికి అతుకక సందున్నచో ప్రేలుడు ఆ సందుననే లోనికి పోవును. కాబట్టి అంగడిలోనే స్విచ్చి కట్టివేసి, రెండు చెవులకు పెట్టుకొని చూడుడు. ఎదుటివాని మాట బాగుగ మందగించవలెను. మీ గొంతు మీకే బావిలోనుండి వచ్చినట్లు బరువుగా వినిపించవలెను. అట్లు కానిచో తొడుగు మార్చవలెను. వేరువేరు సైజుల తొడుగులతో వచ్చు వస్తువునే కొనుడు. ఒకే మనిషికి కుడి, ఎడమ రంధ్రములు వేరు సైజులో ఉండుట కలదు. ఫోము తొడుగైనచో వ్రేళ్లతో సన్నగా నలిపి, రెండవ చేతితో చెవిని పైకి, వెనుకకు లాగి, లోనికి దోపి, అది ఉబ్బు వరకు అర నిమిషము పట్టియుంచవలెను.

రెండవది, పెట్టె మీది అంకెను చూచి మురిసిపోరాదు. ఎన్.ఆర్.ఆర్. అను ఆ అంకె ప్రయోగశాలలో తేలినది. పనిలో అంత రక్షణ దొరకదు గనుక ఆ అంకెలో డిప్పలకు నాలుగవ వంతు, ఫోము ప్లగ్గులకు సగము, ఇతర ప్లగ్గులకు నూటికి 70 వంతులు తగ్గించి చూచుకొమ్మని 1998లో నయోష్ సలహా ఇచ్చినది. ఐరోపా ముద్ర గల వస్తువైనచో ఈ.ఎన్. 352-7 అను ప్రమాణము వ్రాసియున్నదా చూడవలెను. అది ఇట్టి ప్లగ్గులకు చెందినది.

మూడవది, ఫోనులో పాటలు వినుటకు కొను చెవి బుడ్డలతో దీనిని పోల్చరాదు. “చప్పుడు తగ్గించును” అని వాటి మీద వ్రాసియుండవచ్చును. ఆ పద్ధతి బస్సు మ్రోత వంటి ఎడతెగని ధ్వనికి పనికివచ్చునే గాని, కంటిరెప్ప పాటులో పేలు తుపాకికి కాదు.

నాల్గవది బ్యాటరీ. కొన్నిటికి చిన్న జింక్-ఎయిర్ బిళ్లలు వేయవలెను. వాటి మీది కాగితము ఊడదీసిన నాటినుండి, వాడినను వాడకున్నను అవి తరుగుచునే ఉండును. అవి మీ ఊరికి దగ్గరలో దొరకనిచో చార్జింగు రకమే మేలు. మీ కావలి ఎన్ని గంటలో అన్ని గంటలు నిలుచునా యని అడిగి కొనుడు. చార్జి అయిపోయినను బిగుతు పోదు గనుక కాల్పు ముగియక మునుపు ప్లగ్గు తీయరాదు. రెండు ప్లగ్గులను కలుపు దారము ఉన్నచో చీకటిలో చేనిలో పడి పోవు.

తల మీదినుండి వచ్చు ఎలక్ట్రానిక్ డిప్పలు కూడ కలవు. అవియు మంచివే. కాని తుపాకి మడమ వాటికి తగిలి తొలగును. కళ్లజోడు కాడ గాని, తలకు చుట్టిన రుమాలు గాని అడ్డుపడినచో సందు ఏర్పడును. మన కావలివానికి చెవిలో ప్లగ్గే అనుకూలమని నా అభిప్రాయము. ఎక్కువ తూటాలు కాల్చువారు ప్లగ్గు మీద డిప్పలు కూడ పెట్టుకొనుట మంచిది. అయితే రెండు అంకెలు కలిసిపోవు; పెద్ద అంకెకు 5 డెసిబెళ్లు అదనమని మాత్రము ఎంచుకొనవలెను.

ఇక చుట్టు నిలుచువారి సంగతి. వారికి వేల రూపాయల వస్తువు అక్కరలేదు. కొద్ది రూపాయలకు దొరకు ఫోము ప్లగ్గులు సరిగా దోపుకొనిన చాలును. నా చెవి మ్రోగిన రాత్రి నా జేబులో అవి ఉన్నచో ఈ కథ చెప్పు పని ఉండెడిది కాదు. చీము కారు చెవిలో మాత్రము ఏదియు పెట్టరాదు. ముందు వైద్యునకు చూపవలెను. ఒకరి తొడుగు మరియొకరు వాడరాదు. పని కాగానే పొడి గుడ్డతో చెమట, గుబిలి తుడిచి డబ్బాలో పెట్టవలెను.

చివరగా గ్రామోద్యోగులకు ఒక మనవి. పందిని కాల్చుటకు అనుమతి వచ్చిన రోజున ఎవరు కాల్చవలెను, ఎక్కడ కాల్చవలెను అని విచారించుచున్నాము. ఆ పట్టికలో ఇంకొక ప్రశ్న చేర్చుడు: “అందరి చెవులకు రక్షణ ఉన్నదా?” లేనిచో ఆ రాత్రి కాల్పు ఆగుట మేలు. కాల్చువాడు ముందుగా హెచ్చరించు సంకేతము నొకదానిని అందరును నిర్ణయించుకొనవలెను. పంచాయతీ సొమ్ముతో ఫోము ప్లగ్గుల పెట్టె ఒకటి కొని ఉంచుట పెద్ద భారము కాదు.

పోయిన పంటను వచ్చే కారులో మరల పండించుకొందుము. పోయిన చెవికి మరొక కారు లేదు. ఆ పెద్దాయనకు ముప్పది ఏండ్ల క్రిందట ఈ మాట చెప్పినవారు లేకపోయిరి. నేడు తుపాకి పట్టుచున్న ఆయన కుమారునికైనను మనము చెప్పుదము.