ఒడ్డు చెప్పే నీటి లెక్క

ఏడు శనివారాల మొక్కుతో వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లేవాళ్లు గౌతమి వైపూ ఓ చూపు చూస్తారు. ఈసారి వేసవిలో వెళ్తే నీళ్లను కాదు, ఒడ్డును చూడండి. ఏటిగట్టు మనుషులు పోసిన మట్టి, దాన్ని వదిలేయండి. ఏరు కోసేసిన చోట ఒడ్డు గోడలా నిలబడి ఉంటుంది. అందులో వరదలు తెచ్చి పేర్చిన ఇసుక, ఒండ్రు, బంకమట్టి పొరలు పొరలుగా కనిపిస్తాయి. దూరం నుంచే సుమా, కోత ఒడ్డు ఎప్పుడు విరిగిపడుతుందో తెలీదు! మన చేతిపంపులు నీళ్లు తోడేది ఇలాంటి ఇసుక పొరల్లోంచే.

బోరు వేయకుండానే ఆ పొరలో నీటి నడక అంచనా వేయొచ్చా? వేయొచ్చు. ఇసుకలో నీరు పారే సూత్రాన్ని ఫ్రాన్స్ ఇంజినీరు హెన్రీ డార్సీ 1856లో చెప్పాడు. రేణువుల సైజుతో ఆ లెక్క తేల్చే సులువు దారిని అమెరికాకు చెందిన అలెన్ హేజెన్ 1890ల్లో చూపించాడు. ఇసుకను ఆరబెట్టి, రకరకాల జల్లెళ్లలో జల్లిస్తారు. బరువులో పదోవంతు ఏ సైజుకన్నా సన్నగా ఉందో చూస్తారు. ఆ సైజు రెట్టింపైతే, నీటిని పోనిచ్చే గుణం నాలుగు రెట్లవుతుంది.

దీంతో మనకేం పని అంటారా? మరుగుదొడ్డి గుంతకీ బావికీ మధ్య 15 మీటర్లు ఉందనుకోండి. ఆ సైజు 0.2 మిల్లీమీటర్లు, ఇసుకలో ఖాళీ 30 శాతం, భూగర్భ నీటిమట్టం వాలు వెయ్యికి ఒకటి అయితే నీరు రోజుకు దాదాపు 12 సెంటీమీటర్లు కదులుతుంది. బావిని చేరడానికి నాలుగు నెలలు పైనే. అదే 0.4 అయితే నెల రోజులే! మోటారు పెట్టి తోడితే వాలు పెరిగి ఇంకా ముందే వచ్చేస్తుంది. దారిలో క్రిములు చచ్చేందుకు దొరికే గడువు అంతే. అందుకే ఒక పెరట్లో క్షేమమైన దూరం ఇంకో పెరట్లో చాలకపోవచ్చు.

ఇది అంచనా మాత్రమే. బంకమట్టికి ఈ సూత్రం పనికిరాదు. పైగా ఒడ్డున కనిపించిన పొర మీ ఇంటి కింద తెగిపోయి ఉండొచ్చు. కచ్చితంగా తేలాలంటే బోరు తోడుతూ, పక్క బావిలో మట్టం ఎంత తగ్గిందో కొలవాల్సిందే. అంతదాకా ఒక్క పని మన చేతిలో ఉంది. గుంత తవ్వేటప్పుడు పైకొచ్చిన ఇసుకను గుప్పిట పట్టి చూడండి. గరుగ్గా తగిలిందా, గుంతను బావికి ఇంకాస్త దూరం జరపండి.