హెరిటేజ్ వాక్‌లో చెప్పని కులం

హైదరాబాద్ పాతబస్తీలో ఆదివారం పొద్దున్నే హెరిటేజ్ వాక్‌కి వెళ్తే కథ దాదాపు ఒకేలా ఉంటుంది. 1591లో చార్మినార్, పక్కన మక్కా మసీదు, ఆ తర్వాత చౌమహల్లా. ఎవరు కట్టించారో చెప్తారు, ఎవరు కట్టారో చెప్పరు. మక్కా మసీదు కోసం ఒక్క బండను తొలవడానికి ఐదారు వందల మంది ఐదేళ్లు పనిచేశారని, దాన్ని లాగడానికి 1,400 ఎడ్లు పట్టాయని ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే రాసిపెట్టాడు. ఎడ్లకు లెక్క దొరికింది. ఆ మనుషుల్లో ఒక్కరి పేరూ దొరకలేదు.

పరిశోధన విద్యార్థులం కొందరం కలిసి ఈ దారిని మరోలా నడిచాం. చార్మినార్ నుంచి బాద్షాహీ అషుర్‌ఖానాకు వెళ్లి, నయాపూల్ మీదుగా మూసీ దాటి, చాదర్‌ఘాట్, గన్‌ఫౌండ్రీ దాకా.

అషుర్‌ఖానా కుతుబ్‌షాహీల నాటిది. పలకల రంగులు చూసి అందరూ ఫొటోలు దిగుతారు. మాకు మాత్రం ఊరి పీర్ల పండుగ గుర్తొచ్చింది. గుడి గడప తొక్కనివ్వని ఊళ్లలో కూడా పీర్ల కొట్టం ముందు మాదిగ డప్పు మోగుతుంది. అలాగని అక్కడితో కులం కరిగిపోయిందనుకోవద్దు. గోసంగి కులం ఎస్సీ జాబితాలో ఉంది. గోసంగి ముస్లింలు మాత్రం బీసీ-ఈలో ఉన్నారు. కులం పేరు ఒకటే, మతాన్ని బట్టి జాబితా మారింది.

మూసీ దాటాక చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవన్ ఉంది. ఏ టూరిస్టు మ్యాపులోనూ మాకది కనిపించలేదు. 1906లో జగన్ మిత్రమండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ ఈ నగరంలో మాల మాదిగ పిల్లలకు బడులు తెరిచాడు. 1917లో బెజవాడలో పంచముల సభకు అధ్యక్షత వహించి, 'పంచమ' అన్న మాటనే తోసేశాడు. తర్వాత బుద్ధుడి వైపు మొగ్గాడు. మతం గడప దగ్గర కులం ఏమవుతుందన్న ప్రశ్న ఆయనకు పుస్తకంలోది కాదు, ఇంట్లోది.

అదే ప్రశ్న గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కేథడ్రల్ ముందు ఇంకా గట్టిగా ఎదురైంది. 1870లో దీనికి పునాది పడింది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పీఠం ఇదే. ఆ పీఠం మీదున్న పూల ఆంథోనీని 2022 ఆగస్టు 27న పోప్ ఫ్రాన్సిస్ కార్డినల్‌ని చేశారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. తెలుగు కేథలిక్కుల్లో దళితులే ఎక్కువైనా పీఠాలు చాలాకాలం అగ్రకులాల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి ఇది చిన్న సంగతి కాదు.

ప్రపంచమంతా ఆయన్ని దళితుడని రాసింది. మన చట్టం దృష్టిలో మాత్రం దళిత క్రైస్తవుడు ఎస్సీ కాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. వాళ్లనూ చేర్చాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2022 అక్టోబరులో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది, రెండేళ్ల గడువు చాలక పొడిగించింది.

ఇక్కడ రాష్ట్రాల లెక్క ఇంకా వింత. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలకు, వాళ్ల సంతానానికి బీసీ-సీ కింద ఒక్క శాతం ఉంది. అంటే మతం మారినా కులం వెంటే వచ్చిందని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఒప్పుకుని పదిహేను శాతంలోంచి తీసి ఒక్క శాతంలో పెట్టింది. పైగా బీసీ సర్టిఫికెట్‌కి అట్రాసిటీ చట్టం రక్షణ ఉండదు. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన అట్రాసిటీ కేసును ఈ కారణంతోనే కొట్టేసింది. తిట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి తిడతాడా?

ప్రార్థన అయ్యాక మెట్ల మీద ఒక డిగ్రీ విద్యార్థి పరిచయమయ్యాడు. అతనికి చర్చి పుస్తకంలో ఒక పేరు, కాలేజీ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. రెండూ చెప్పాడు. మేం నోట్‌బుక్ తీయగానే, రెండిట్లో ఏదీ రాయొద్దన్నాడు.