ద్రోణుడి చేతిలో ఇరవై మార్కులు

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు మన పేటల్లో ఒక మాట వినిపిస్తుంది: "మా గుంటకి మార్కులు తగ్గిపోనాయి, దాని రాత." రాత కాదమ్మా, లెక్క! ఆ లెక్క ఎవరు వేశారో, దేనికెంత బరువు పెట్టారో అడగాల్సిన వాళ్ళం మనమే.

వెయిటేజీ అంటే బరువు. సంతలో దొంగ తూకం మనకి తెలుసు. కంప్యూటరు తూకంలో రాళ్ళు కనబడవు, అంతే తేడా.

2021లో కరోనా వల్ల మన రాష్ట్రంలో పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. ఫార్మేటివ్ పరీక్షలతోనే గ్రేడులు లెక్కగట్టారు. ఒక్కో పరీక్షకి 50 మార్కులు: స్లిప్ టెస్టుకి 20, ప్రాజెక్టులూ నోటు పుస్తకాలూ వగైరాలకి 30. లెక్కలో మాత్రం ఆ 20కి 70 శాతం, ఈ 30కి 30 శాతం బరువు పెట్టారు.

వేసి చూద్దాం. ఒక పాపకి స్లిప్ టెస్టులో 18, మిగతావాటిలో 15. ఒక బాబుకి స్లిప్ టెస్టులో 10, మిగతావాటిలో 28. ఉత్తినే కూడితే పాపకి నూటికి 66, బాబుకి 76. 70-30 లెక్కలో పాపకి 78, బాబుకి 63! పిల్లలు వాళ్ళే, రాసిందీ అదే. బరువు మారింది, వరస తిరగబడింది. మరి పుట్టుకతో వచ్చిందని చెప్పే ఆ 'మెరిట్' ఎక్కడ దాక్కుంది?

అంతకుముందు, 100లో 20 ఇంటర్నల్ మార్కులు బడి చేతిలో వుండేవి. ప్రైవేటు బడులు ఇరవైకి ఇరవై పంచిపెడుతున్నాయన్న విమర్శల మధ్య ప్రభుత్వం 2019లో వాటిని తీసేసింది. టీచర్లందరూ ద్రోణులని మేం అనడం లేదు. తూకం ఒకరి చేతిలో వున్నప్పుడు ముల్లు చూసే కన్ను మనకుండాలంటున్నాం.

బరువు మనవైపూ పెట్టొచ్చు. 2008లో పుట్టిన ట్రిపుల్ ఐటీలు (ఆర్.జి.యు.కె.టి.) పదో తరగతి మార్కులతో సీట్లిస్తూ, నాన్ రెసిడెన్షియల్ ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకి 4 శాతం కలిపాయి. గ్రేడు పాయింట్ల రోజుల్లో అది 0.4. అంటే జిల్లా పరిషత్ హైస్కూల్లో 9.3 తెచ్చుకున్న పిల్లకి 9.7 అయ్యి, ప్రైవేటు బడిలో 9.5 వచ్చినవాడికంటే ముందు నిలిచింది. ఆ తూకంతోనే 2016లో మొదలైన మన శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీ గేటు కూలోళ్ళ బిడ్డలకి తెరుచుకుంది. ఇది భిక్ష కాదు. అమ్మానాన్నలు వలసపోతే తమ్ముణ్ణి చూసుకుంటూ చదివిన పిల్ల మోసిన బరువుకి లెక్క కట్టడం.

కార్యకర్తలారా! పేటపేటకీ ఈ లెక్క చెప్పండి. స్లిప్ టెస్టు పేపర్లు దాచుకోమనండి. ఆన్‌లైన్‌లో మార్కులు ఎక్కించకముందే పిల్లలకి చూపించమని హెడ్మాస్టర్ని అడగండి. నెట్ సెంటర్లో దరఖాస్తు పెట్టేటప్పుడు బడి రకం సరిగ్గా పడిందో లేదో దగ్గరుండి చూడండి. తేడా వస్తే సమాచార హక్కు చట్టం వుంది. జవాబు పత్రం చూసుకునే హక్కు విద్యార్థికి వుందని 2011లో సుప్రీంకోర్టే చెప్పింది.

ఏకలవ్యుడు అడగ్గానే వేలు ఇచ్చేశాడు. మన పిల్లలు ఆ వేలు పెట్టి లెక్క చూపించమని అడగాలి.

జై భీమ్!