కొలిమికి ముందు కాగితం

దేశంలో సెమీకండక్టర్ల తయారీని ప్రోత్సహించేందుకు 76,000 కోట్ల రూపాయల కార్యక్రమాన్ని కేంద్ర మంత్రివర్గం 2021 డిసెంబరులో ఆమోదించిన నాటినుంచి, చిప్‌ల గురించిన చర్చ అంతా పెట్టుబడి ఎంత, యంత్రాలు ఎక్కడినుంచి వస్తాయి, కర్మాగారం ఏ రాష్ట్రానికి దక్కుతుంది అన్న ప్రశ్నల చుట్టూనే తిరుగుతోంది. ఆ ప్రశ్నలు అవసరమైనవే. అయితే యంత్రాలన్నీ సమకూరిన తరువాత కూడా, ఏ పని ముందు చేయాలి, ఏది వెనుక చేయాలి, ఒక దశలో వాడిన రసాయనం నాలుగు దశల తరువాత దేనిని పాడుచేస్తుంది అని ముందుగానే లెక్కగట్టగల నిపుణులు లేకపోతే పరికరం పుట్టదు. ప్రాసెస్ ఇంటిగ్రేషన్ అని వ్యవహరించే ఈ విద్య మన చర్చల్లోనూ, పాఠ్యప్రణాళికల్లోనూ దాదాపు కనిపించకపోవడం చిన్న లోపం కాదు.

ఈ విద్య స్వభావం అర్థం కావాలంటే వాహనాల ఇంజిన్లలోనూ వైద్య పరికరాల్లోనూ వాడే సిలికాన్ పీడన సెన్సరును పరిశీలించడం మేలు. పలుచని సిలికాన్ పొర, అంటే డయాఫ్రం, పీడనానికి వంగినప్పుడు దాని అంచుల్లో అమర్చిన నిరోధకాల విలువ మారుతుంది. ఒత్తిడికి సిలికాన్ విద్యుత్ నిరోధం గణనీయంగా మారుతుందని బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ స్మిత్ 1954లో వెల్లడించిన ధర్మమే దీనికి ఆధారం. నిర్మాణం చూడటానికి సులువుగానే ఉంటుంది: వేఫరు పైముఖాన బోరాన్ కలిపిన నిరోధకాలు, వాటిని కలిపే అల్యూమినియం తీగలు, వెనుక ముఖంనుంచి తొలిచిన గుంట. చిక్కంతా ఈ మూడింటినీ ఏ వరుసలో చేయాలన్న దగ్గరే మొదలవుతుంది.

గుంట తొలవడానికి వేడి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం వాడతారు. స్ఫటికంలోని కొన్ని తలాలను ఇది వేగంగా, మరికొన్నింటిని అతి నెమ్మదిగా కరిగిస్తుంది కనుక గుంట గోడలు నిలువుగా కాక 54.7 డిగ్రీల వాలుతో ఏర్పడతాయి. అందువల్ల 525 మైక్రోమీటర్ల మందం గల వేఫరులో 20 మైక్రోమీటర్ల మందం, ఒక మిల్లీమీటరు భుజం గల డయాఫ్రం మిగలాలంటే వెనుక ముఖాన తెరవవలసిన కిటికీ భుజం దాదాపు 1,714 మైక్రోమీటర్లు ఉండాలి. అంటే చిప్ ఎంత పెద్దదో, ఒక వేఫరు మీద ఎన్ని పడతాయో నిర్ణయించేది సర్క్యూట్ కాదు, వెనుక ఉన్న ఈ వాలు.

80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ ద్రావణం నిమిషానికి సుమారు ఒక మైక్రోమీటరు సిలికాన్‌ను కరిగిస్తుంది కాబట్టి వేఫరు అందులో ఎనిమిది గంటలకు పైగా మునిగి ఉండాలి. అంతసేపూ మిగతా భాగాన్ని కాపాడే కవచం ఏమిటి? సిలికాన్ ఆక్సైడ్ కూడా నెమ్మదిగా కరుగుతూనే ఉంటుంది గనుక మూడు మైక్రోమీటర్లకు పైగా మందం ఉంటే తప్ప చివరిదాకా నిలవదు. మందం రెట్టింపు కావడానికి కొలిమిలో దాదాపు నాలుగు రెట్ల సమయం పడుతుంది కనుక ఆ దారి ఆచరణలో భారమే. సిలికాన్ నైట్రైడ్ అయితే 200 నానోమీటర్లు చాలు. కాని గట్టి నైట్రైడ్ పొర ఏర్పడాలంటే కొలిమిలో 800 డిగ్రీల వేడి కావాలి, అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, సిలికాన్‌తో కలిసి 577 డిగ్రీలకే ద్రవమవుతుంది. అల్యూమినియం పూత పడిన తరువాత 450 డిగ్రీలు దాటకూడదన్నది అందుకే దాదాపు నియమంగా స్థిరపడింది. కాబట్టి నైట్రైడ్ ముందు, అల్యూమినియం తరువాత.

ఇంతటితో వరుస తేలలేదు. గుంట తొలిచే ద్రావణం అల్యూమినియాన్ని కూడా తినేస్తుంది. తీగలు వేశాక తొలిస్తే పైముఖానికి ద్రావణం చుక్క కూడా తగలని బిగింపు పరికరం కావాలి; తొలిచాక తీగలు వేస్తే, ఫొటోరెసిస్ట్ పూసేటప్పుడు వేఫరును వాక్యూమ్‌తో పట్టి తిప్పే యంత్రం మీద పలుచని డయాఫ్రంలు పగలవచ్చు. పైగా పొటాషియం అయాన్లు ఆక్సైడ్ పొరల్లో తేలికగా కదులుతూ ట్రాన్సిస్టర్ల ప్రవర్తనను తారుమారు చేస్తాయి గనుక ఆ ద్రావణంలో మునిగిన వేఫరును ఇతరుల వేఫర్లు కూడా ప్రవేశించే ఆక్సీకరణ కొలిమిలోకి నేరుగా అనుమతించరు. ఆర్‌సీఏ సంస్థలో వెర్నర్ కెర్న్ 1960లలో రూపొందించిన శుద్ధి విధానం నేటికీ క్లీన్‌రూమ్‌లలో కొనసాగడానికి ఇలాంటి కాలుష్యాల భయమే కారణం. ఘనమీటరు గాలిలో అర మైక్రోమీటరు, ఆపై పరిమాణం గల ధూళికణాలు 3,520 దాటకుండా కాపాడే గదిలో కూడా, కంటికి కనపడని ఈ అయాన్లను అడ్డుకునేది గాలి ఫిల్టర్లు కావు, పని వరుసే.

వేఫర్ల మందం కూడా అచ్చంగా ఒక్కటే ఉండదు. 25 మైక్రోమీటర్లు అటూ ఇటూ ఉండటం మామూలే. గడియారం చూసి ఆపే పద్ధతిలో పలుచని వేఫరుకు చిల్లు పడుతుంది. మందపు వేఫరులో 20కి బదులు 45 మైక్రోమీటర్ల డయాఫ్రం మిగిలి సెన్సరు స్పందన దాదాపు ఐదో వంతుకు పడిపోతుంది. మొదటి దశకు ముందే ప్రతి వేఫరు మందాన్ని కొలవాలని ప్రణాళికలో ఒక్క పంక్తి రాస్తే కొంత నష్టం తప్పుతుంది. ఖర్చుకు వెనుకాడకపోతే, లోపల ఆక్సైడ్ పొర పూడ్చిన ప్రత్యేక వేఫరు వాడి తొలచడం ఆ పొర దగ్గర ఆగేలా చేయవచ్చు. ఇటువంటి జాగ్రత్తలు అతిశయంగా తోచవచ్చు గాని, 40 దశల ప్రక్రియలో ఒక్కో దశ నూటికి 98 చిప్‌లను చెడకుండా దాటించినా చివరికి మిగిలేవి 45 లోపే.

ప్యాకేజింగ్‌ను ఆఖరి మజిలీగా భావించడం మరో పొరపాటు. వజ్రపు బ్లేడుతో, నీటి ధారతో వేఫరును చిప్‌లుగా కోసేటప్పుడు తెరచి ఉన్న డయాఫ్రంలు తట్టుకోవు. అందుకే కోతకు ముందే వెనుక ముఖానికి గాజు పలకను సుమారు 400 డిగ్రీల వేడిలో, వందల వోల్టుల విద్యుత్‌తో అతికిస్తారు. ఆ వేడి అల్యూమినియం హద్దులోనే ఉండటం వల్ల ఈ పని తీగల తరువాత సాధ్యమవుతోంది. ఆంధ్రప్రదేశ్‌కు 2025 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన యూనిట్ కూడా ప్యాకేజింగ్‌దే కనుక ఈ సంబంధం తెలుగు నేలకు పరాయిది కాదు.

హైదరాబాద్ చిప్ డిజైన్ కేంద్రంగా ఎదగడంతో ఇంజినీరింగ్ విద్యార్థుల చూపు డిజైన్ సాఫ్ట్‌వేర్ మీదే నిలిచింది. తయారీ ప్రక్రియ మాత్రం ఒకటి రెండు అధ్యాయాలకే పరిమితమైంది. సొంత క్లీన్‌రూమ్ లేని సంస్థల పరిశోధకుల కోసం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఐఐటీ బొంబాయి ద్వారా 2008లో మొదలైన జాతీయ కార్యక్రమం తలుపులు తెరిచే ఉంచింది. అక్కడ దొరికే యంత్ర సమయం పరిమితం. దాన్ని వృథా చేయకూడదంటే ప్రతి దశకు ఉష్ణోగ్రత, మందం, రసాయనం, కొలత, అనుమతించే తేడా రాసి ఉన్న ప్రక్రియా పత్రంతోనే వెళ్లాలి. పైన చెప్పిన పీడన సెన్సరుకు అలాంటి పత్రం రాయించడానికి, దానిలోని తప్పుల్ని తరగతిలోనే పట్టుకోవడానికి ఏ కళాశాలకూ క్లీన్‌రూమ్ అక్కర్లేదు.