ఫోన్ బరువు సరే, మరి తల బరువు సంగతేంటి?

కొత్త ఫోన్ 220 గ్రాములుంటే "ఇటుకలా ఉంది బాస్" అని మైనస్ పాయింట్లలో వేసేస్తాం. ఆ ఫోన్ కోసం వంచే మన తల బరువు దాదాపు 5 కిలోలు. అది ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. 2014లో కెన్నెత్ హన్స్‌రాజ్ అనే అమెరికా వెన్నెముక సర్జన్ ఒక లెక్క కట్టారు. తలని 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం సుమారు 27 కిలోలట! ఇది కంప్యూటర్ మోడల్ లెక్కే, నిజం మెడ మీద కొలిచింది కాదు. అయినా ఒక్కసారి ఊహించుకోండి, 25 కిలోల బియ్యం బస్తా కన్నా ఎక్కువ.

నేను ఆ బస్తాని రోజూ మోశాను. ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా దాదాపు గంట, తల దించుకుని రీల్స్. ఆఫీసులో ల్యాప్‌టాప్, రాత్రి పడుకుని మళ్లీ ఫోన్. ఆర్నెల్లకి మెడ పట్టేసింది, కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది.

అప్పుడే ఫీడ్ నిండా మెడ "ఠక్" అనిపించే వీడియోలు. ఉప్పల్, నాచారం వైపు వెతికితే ఇలాంటి సెంటర్లు చాలానే కనిపించాయి. ఒక చోటికి వెళ్లాను. వేళ్ల తిమ్మిరి గురించి ఎవరూ అడగలేదు, రెండు నిమిషాల్లో మెడ తిప్పేశారు. రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు అదే నొప్పి. తర్వాత కలిసిన ఫిజియోథెరపిస్ట్ ముందు చేతి బలం, రిఫ్లెక్స్‌లు చూశారు. "తిమ్మిరి ఉన్నప్పుడు పరీక్ష చేయకుండా మెడ తిప్పించుకుంటారా బాబూ?" అని గట్టిగానే అడిగారు. నిజంగా భయమేసింది.

ఆ "ఠక్" శబ్దం ఎముక సరైన చోట కూర్చున్నందుకు వచ్చేది కాదు. కీలులోని ద్రవంలో గ్యాస్ వల్ల వస్తుంది. మన భాషలో చెప్పాలంటే అది రీస్టార్ట్, బగ్ ఫిక్స్ కాదు.

అలాగని కైరోప్రాక్టిక్ అంతా మోసం అనట్లేదు. 1895లో అమెరికాలో డేనియల్ పామర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. అక్కడ ఏళ్ల తరబడి చదివి లైసెన్స్ తీసుకోవాలి. దీర్ఘకాలిక నడుం నొప్పికి 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామంతో పాటు వెన్నెముకని చేత్తో సరిచేసే చికిత్స కూడా ఉంది. కానీ మెడ వేరు. గట్టిగా తిప్పినప్పుడు మెదడుకి వెళ్లే రక్తనాళం చిట్లి స్ట్రోక్ వచ్చిన కేసులున్నాయి. అరుదే, కానీ వస్తే జీవితమే తలకిందులు.

అందుకే నా వెర్డిక్ట్: ఫోన్ కొనేముందు పది రివ్యూలు చూస్తాం కదా, మెడ అప్పగించేముందు కనీసం రెండు ప్రశ్నలు అడగండి. మీరేం చదివారు? నన్ను పరీక్షించాకే చేస్తారా? చేతులు కాళ్లు బలహీనమైనా, మూత్రం మీద అదుపు తప్పినా, దెబ్బ తగిలాక నొప్పి మొదలైనా క్రాకింగ్ సెంటర్ జోలికే వద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికే.

నాకైతే ల్యాప్‌టాప్ స్టాండ్, విడిగా ఒక కీబోర్డ్, ఫిజియో చెప్పిన వ్యాయామాలు పనిచేశాయి. ఇప్పుడు మెట్రోలో ఫోన్‌ని కళ్ల ఎత్తుకి పట్టుకుంటున్నా. పక్కవాళ్లు సెల్ఫీ అనుకుంటున్నారు, అనుకోనివ్వండి. ఫోన్ పాడైతే ఎక్స్ఛేంజ్ ఆఫర్ ఉంటుంది, మెడకి లేదు.