గొంతుకూ ఒక సెలవు రోజు

మాఘమాసం, శనివారం రాత్రి. అవనిగడ్డ దగ్గర ఓ పెళ్లి రిసెప్షన్‌లో ఆర్కెస్ట్రా ఇంకా నడుస్తోంది. కీబోర్డు ముందున్న కుర్రాడు మచిలీపట్నంలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాడనుకోండి. ఆఖరి పాట అయ్యేసరికి పన్నెండున్నర. వైర్లు చుట్టి, స్పీకర్లు వ్యాన్‌కెక్కించేసరికి ఒకటిన్నర. బందరులో ఇల్లు చేరేసరికి రెండున్నర. ఆదివారం పొద్దున చర్చిలో ఆరాధనకు వాయించాలి. సాయంత్రం గుడివాడలో ఇంకో ఫంక్షన్. సోమవారం ఇంటర్నల్ పరీక్ష. "కష్టంగా లేదా?" అని అడిగితే "ఇష్టమైన పనే కదండీ" అంటాడు.

ఆ మాట నిజమే. కాకపోతే మనసుకు ఎంత ఇష్టమైన పనైనా ఒంటికి మాత్రం అది పనే. ఈ చిన్న సంగతి మరిచిపోయినవాళ్లు ఈ రంగంలో ఎక్కువకాలం నిలబడలేరు.

ఈ పేజీలో బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల గురించి తరచూ చదువుతుంటారు. పాటనో వాయిద్యాన్నో నమ్ముకుందామనుకునే మిత్రులతో ఈసారి మాట్లాడదాం. దిగువ కృష్ణా డెల్టాలో అలాంటి కోరిక పుట్టడం వింతేమీ కాదు. ఊరూరా తిరిగి భాగవతాలు ఆడిన మేళాలది కూచిపూడి. పక్కనే ఉన్న మొవ్వ క్షేత్రయ్యది. క్షేత్రాలు తిరుగుతూ పదాలు రాసి, తంజావూరు, మధుర, గోల్కొండ ఆస్థానాల దాకా వెళ్లిన వాగ్గేయకారుడు ఆయన. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే టూర్లు చేస్తూ సొంత పాటలు రాసుకున్న కళాకారుడు. దసరాకు బందరు వీధుల్లో శక్తిపటాల ముందు డప్పు మోగించేవాళ్ల నుంచి క్రిస్మస్‌కు కీబోర్డు వాయించేవాళ్ల దాకా ఇక్కడ పాటకు పని ఉంది. ఆ పనిని వృత్తిగా ఎలా మలచుకోవాలన్నదే ప్రశ్న.

చౌటపల్లి చెప్పే పాఠం

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. ఇంటిపేరు దివిసీమలోని ఘంటసాల ఊరిది. తండ్రి సూరయ్య మృదంగం వాయించేవారు. ఆయన చిన్నప్పుడే పోయారు. సంగీతం నేర్చుకోవాలని విజయనగరం చేరిన ఆ కుర్రాడు జోలె పట్టి, ఇంటింటా మధుకరం అడుక్కుని చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆదరించి విద్య చెప్పారు.

చదువు అయ్యాక ఆయన నేరుగా సినిమాల్లోకి వెళ్లిపోలేదు. సొంతూరు తిరిగొచ్చి పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో కచేరీలు చేశారు, పిల్లలకు సంగీత పాఠాలు చెప్పారు. అంటే ఈరోజు మన జిల్లాలో చాలామంది కళాకారులు బతుకుతున్నట్టే బతికారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లొచ్చారు. మద్రాసు రమ్మని సముద్రాల రాఘవాచార్య చెప్పినప్పుడు చేతిలో డబ్బుల్లేవు. రెండు నెలలు కచేరీలు చేసి కొంత కూడబెట్టి, మరికొంత అప్పు చేసి బయల్దేరారు. 1951లో 'పాతాళభైరవి' నాటికి సంగీత దర్శకుడు, గాయకుడు కూడా ఆయనే. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో అమెరికా, ఇంగ్లండ్, జర్మనీల్లో కచేరీలు చేశారు.

ఇక్కడిదాకా అందరూ చెప్పుకునే కథే. తర్వాతి కథ కూడా వినండి. ఆ ఏళ్లలోనే ఆయనకు చక్కెర వ్యాధి ఉంది. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 51 ఏళ్లు.

జబ్బుకు పనొక్కటే కారణమని అనడం న్యాయం కాదు. ఆ రోజుల్లో వైద్యం కూడా ఇప్పటిలా లేదు. అయినా ఒక్క విషయం ఆలోచించండి. కోట్లమంది విన్న గొంతు కూడా ఒక శరీరంలోనే ఉండేది. ఆ శరీరానికీ నిద్ర, తిండి, మందు అవసరమే. ఆయన దగ్గర నేర్చుకోవాల్సినవాటిలో పట్టుదల ఒకటైతే, ఈ జాగ్రత్త రెండోది.

168 గంటల లెక్క

వారానికి 168 గంటలు. మన కీబోర్డు కుర్రాడి వారాన్ని కాగితం మీద పెట్టి చూద్దాం.

ఒక ప్రోగ్రాం స్టేజీ మీద నాలుగు గంటలే. కానీ ప్రయాణం, సామాను దించడం, సౌండ్ చెక్, మళ్లీ సర్దుకుని ఇల్లు చేరడం కలిపితే పది గంటలు అవుతుంది. వారానికి మూడు ప్రోగ్రాములంటే 30 గంటలు. రోజుకు గంటన్నర చొప్పున ఆరు రోజుల సాధన 9 గంటలు. ట్రూప్‌తో రిహార్సల్ 6. సొంత పాట మీద పని 4. ఫోన్లు, బయానాలు, లెక్కలు 3. ఇదంతా 52 గంటలు. కాలేజీకి 36, రోజుకు ఏడు గంటల నిద్రకు 49. మొత్తం 137. తిండికి, స్నానానికి, ఇంటికి, స్నేహితులకు 31 గంటలు మిగిలాయి. ఇరుకుగా ఉన్నా బండి నడుస్తుంది.

ఇప్పుడు సీజన్లో మరో రెండు ప్రోగ్రాములు ఒప్పుకోండి. ఇంకో 20 గంటలు పోయి 11 మిగిలాయి. అంటే రోజుకు గంటన్నర చిల్లర. అందులోనే తినాలి, స్నానం చేయాలి, కాలేజీ బస్సూ పట్టుకోవాలి. అది కుదరదు గనక మొదట నిద్రకు కోత పడుతుంది. తర్వాత సాధనకు, ఆ తర్వాత సొంత పాటకు. స్టేజీకి మాత్రం ఎప్పుడూ కోత పడదు, ఎందుకంటే అక్కడే డబ్బులు చేతికొస్తాయి. అసలు చిక్కు ఇదే. ఈరోజు డబ్బు తెచ్చే పని, రేపు డబ్బు తెచ్చే పనులన్నింటినీ మింగేస్తుంది.

అందుకే మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. నిద్ర, సాధన, రాత అనేవి ప్రోగ్రాములు పోగా మిగిలిన టైంలో చేసుకునేవి కావు. డైరీలో ముందు వాటిని రాసి, మిగిలిన చోటులో ప్రోగ్రాములు ఒప్పుకోవాలి.

ఒళ్లే పెట్టుబడి

కీబోర్డు పాడైతే రిపేరు చేయించొచ్చు. చెవి పాడైతే అంత సులువు కాదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు 8 గంటలు పని చేయొచ్చు. అక్కణ్నుంచి 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమైపోతుంది. 94 దగ్గర గంట, 100 దగ్గర పావుగంట. పెద్ద స్పీకర్ల పక్కన 100 దాటడం మామూలే. మీరు అక్కడ నాలుగు గంటలుంటున్నారు. ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోవడం నామోషీ కాదు. స్పీకరు వరసకు వెనక నిలబడండి, విరామంలో మైక్ సెట్‌కు దూరంగా వెళ్లి కూర్చోండి. ప్రోగ్రాం అయ్యాక చెవుల్లో గుయ్‌మంటుంటే అది అలసట అని కొట్టిపారేయకండి, చెవి ఇస్తున్న హెచ్చరిక అది.

పాడేవాళ్లకు గొంతు సంగతి. అర్ధరాత్రి ఒంటిగంటకు బిర్యానీ తిని వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి తన్ని గొంతును కాలుస్తుంది. పొద్దున లేవగానే బొంగురు. దాన్ని వదిలించుకోవడానికి గట్టిగా గొంతు సవరించుకోవడం, గుసగుసగా మాట్లాడటం కూడా గొంతుకు శ్రమే. తేలిగ్గా తినండి, నీళ్లు తాగుతుండండి, మర్నాడు తక్కువ మాట్లాడండి. బొంగురు రెండు మూడు వారాలైనా తగ్గకపోతే మిరియాల కషాయంతో సరిపెట్టుకోకుండా ఇఎన్‌టీ డాక్టరుకు చూపించండి. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్నవాళ్లుంటే ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించుకోండి.

అన్నిటికన్నా ముందు ప్రయాణం. మన దారుల్లో చాలావాటికి ఒక పక్క కాలువ ఉంటుంది. పొద్దుటి నుంచి మేలుకున్న మనిషి రాత్రి రెండింటికి కరకట్ట మీద బండి నడపకూడదు. డ్రైవరుకు కునుకొస్తోందంటే వ్యాన్ ఆపించండి. లేదంటే ప్రోగ్రాం జరిగిన చోటే తెల్లారేదాకా పడుకుని బయల్దేరండి. ట్రూప్‌లో చిన్నవాడివి, నీకెందుకని ఎవరైనా అన్నా సరే, ఆ మాట మీరు అనాల్సిందే.

సొంత పాట, సొంత హక్కు

పక్కవాళ్ల పాటలు వాయిస్తే ఆ రాత్రికి డబ్బులొస్తాయి. మీరు రాసిన పాట, కట్టిన బాణీ మీతో ఏళ్ల తరబడి ఉంటాయి. మన దేశ కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత, స్వరకర్త హక్కు వారి జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణ తర్వాత, సినిమాలో వాడిన పాటకు సైతం రాయల్టీలో తమ వాటాను రచయిత, స్వరకర్త వదులుకున్నట్టు రాయించుకున్నా చెల్లదు. ఆ రాయల్టీలు వసూలు చేసి పంచే ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థలో సభ్యులై, పాటలు నమోదు చేసుకోవాలి. చదవకుండా దేనిమీదా సంతకం పెట్టకండి.

వారానికి ఆ నాలుగు గంటలు ఎందుకు కాపాడుకోవాలో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మంగళవారం పొద్దునో, బుధవారం పొద్దునో, ఒకే రోజు ఒకే టైం పెట్టుకోండి. నాలుగు లైన్లు వచ్చినా, రాకపోయినా కూర్చోండి.

ఆషాఢం కూడా వస్తుంది

ఇది నెల జీతం కాదు, సీజన్ జీతం. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ఊపిరాడదు. ఆషాఢంలోనో మూఢాల్లోనో ఫోన్ మోగదు. ఫోన్ మోగని నెలలుంటాయన్న భయంతోనే మోగిన ప్రతి ఫోనుకూ "సరే" అంటాం. ఆ భయానికి మందు ఇంకో ప్రోగ్రాం ఒప్పుకోవడం కాదు, లెక్క రాసుకోవడం. వచ్చిన ప్రతి రూపాయీ నోట్‌బుక్‌లో రాయండి. అందులో ఒక వంతు ఖాళీ నెలలకు తీసి పక్కన పెట్టండి. బయానా లేకుండా తేదీ ఇవ్వకండి.

రెండో దారి కూడా తెరిచి ఉంచుకోండి. విజయవాడలో ఘంటసాల పేరిటే ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. ఆకాశవాణి ఆడిషన్ పెట్టి కళాకారులకు గ్రేడు ఇస్తుంది. విజయవాడ కేంద్రం 1948 నుంచీ మన దగ్గరే ఉంది. శాస్త్రీయ, జానపద కళలు నేర్చుకుంటున్న 18 నుంచి 25 ఏళ్లవారికి కేంద్ర సాంస్కృతిక శాఖ స్కాలర్‌షిప్ పథకం ఉంది. నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తారు. డిగ్రీ మాత్రం మధ్యలో వదిలేయొద్దు. సంగీతం టీచరు ఉద్యోగానికైనా చేతిలో పట్టా ఉండాలి.

పెద్దలకు కూడా ఒక మాట. ఫంక్షన్ చేయించేవాళ్లు వాయించేవాళ్లకు భోజనం చివరి బంతిలో కాకుండా ముందే పెట్టించండి. ఒప్పుకున్న టైం దాటాక "ఇంకొక్క పాట" అని పట్టుబట్టకండి. తల్లిదండ్రులు "ఈ పాటలు కూడు పెడతాయా?" అని కోప్పడే బదులు "వారానికి ఎన్ని గంటలు నిద్రపోతున్నావు?" అని అడగండి. పిల్లల జవాబును బట్టి మీకే తెలుస్తుంది, వాళ్లు వృత్తి చేస్తున్నారో, సరదాకు ఒళ్లు గుల్ల చేసుకుంటున్నారో.

మీరు పాట వైపు రాకపోవచ్చు. ఫొటోలు తీయొచ్చు, డెలివరీ బండి నడపొచ్చు, ఇంట్లో కూర్చుని ఎడిటింగ్ చేయొచ్చు. హాజరుపట్టీ లేని పని ఏదైనా ఈ 168 గంటల లెక్క ఒకటే. పైన మేనేజరు లేడు గనక సెలవు మీకు మీరే ఇచ్చుకోవాలి.

ఈ ఆదివారం ఒక కాగితం తీసుకుని ఏడు గళ్లు గీయండి. మొదట నిద్ర రాయండి. తర్వాత సాధన, ఆపైన రాత. వారంలో ఒక గడిలో "ఈరోజు గొంతుకు సెలవు" అని రాసి, ఆ గడి చుట్టూ గీత గీయండి. అప్పుడు ఫోన్ తీసి, ఎవరు పిలుస్తున్నారో చూడండి.