పేరు లేని చదివింపులు

మన పెళ్లిళ్లలో చదివింపుల బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషికి ఉండేవి రెండే పనులు: కవరు విప్పడం, పేరూ అంకే పుస్తకంలో ఎక్కించడం. ఒకప్పుడైతే మైకులో కూడా చదివేవారు. ఆ పుస్తకం ఏళ్ల తరబడి బీరువాలో భద్రంగా ఉంటుంది. అవతలివాళ్లింట్లో శుభకార్యం రాగానే తీసి చూసి, అంతకు తగ్గకుండా తిరిగి చదివిస్తారు. తప్పు పట్టడం లేదు, వడ్డీ లేని అప్పు ఊళ్లో ఇలాగే పుట్టేది. కానీ ఇచ్చినవాడి పేరు కొట్టేస్తే కానుక ఏమవుతుందో చూడాలంటే డిసెంబరు 5 సాయంత్రం నెదర్లాండ్స్‌లో ఏదైనా ఇంటికి వెళ్లాలి.

క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఎదురుచూసే ఆగమన కాలం అది. సెయింట్ నికొలస్ పండగ 6న. డచ్చివాళ్లకు సందడంతా ముందు రోజు రాత్రే. పసిపిల్లలకు కానుకలు తెచ్చేది సింటర్‌క్లాస్, అంటే బిషప్పు నికొలస్. ఆ నమ్మకం వయసు దాటినవాళ్లు కొన్ని వారాల ముందే చీటీలు వేసుకుంటారు. తమకు ఎవరి పేరు వచ్చిందో నోరు విప్పరు. వస్తువు ఖరీదుకు ఓ హద్దు ఉంటుంది, శ్రమకు మాత్రం ఉండదు. ఆ వస్తువును దాచడానికి అట్టముక్కలూ జిగురూ పెట్టి ఏదో ఒకటి తయారుచెయ్యాలి. రోజూ రైలు తప్పిపోయే బావగారికి అట్టతో రైలుపెట్టె కడతారు. దాని నిండా రంపప్పొట్టు. మోచేతిదాకా పెట్టి వెతుక్కుంటే ఓ జత మేజోళ్లు దొరుకుతాయి.

దాంతోపాటు ప్రాసలు కలిపిన పద్యం ఒకటి. ఏడాది పొడుగునా చేసిన తెలివితక్కువ పనులన్నీ అందులో ఎక్కుతాయి. పుచ్చుకున్నవాడే అందరి ముందూ పైకి చదవాలి. కింద సంతకం ‘సింట్’. మన దగ్గర ఇచ్చినవాడి గొప్ప చదువుతారు, అక్కడ పుచ్చుకున్నవాడి బండారం చదివిస్తారు. నా ఓటు రెండోదానికే. ఎదురుగా అనలేని మాట బిషప్పుగారి పేరుతో చెల్లిపోతుంది. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద?

ఆ బిషప్పు నాలుగో శతాబ్దంలో మైరాలో ఉండేవాడు. ఇప్పుడది టర్కీలో ఉంది. కట్నాలివ్వలేక ముగ్గురు కూతుళ్లతో కుంగిపోతున్న ఓ తండ్రి ఇంట్లోకి రాత్రిపూట కిటికీలోంచి బంగారం మూటలు విసిరాడని కథ. మూడో మూట నాడు తండ్రి కాపుకాసి పట్టుకుంటే, ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాడట. కట్నం బాధ మనకు కొత్త కాదు. ఇచ్చి, పేరొద్దన్న మనిషే కొత్త.

దక్షిణాది కాలేజీల్లో, హాస్టళ్లలో ‘క్రిస్ మామ్, క్రిస్ చైల్డ్’ ఆట ఈ తోవలోదే. చీటీలో వచ్చిన పిల్లకు దిండు కింద చాక్లెట్ పెడతారు. రేపు రెండు జడలకు రెండు రంగుల రిబ్బన్లు కట్టుకుని క్లాసుకు రమ్మని ఆజ్ఞ రాసి పెడతారు. పెట్టిందెవరో చివరిదాకా తెలియదు. ఈలోగా అనుమానాలు, ఆరాలు, అబద్ధాలు.

మన ఐటీ ఆఫీసుల ‘సీక్రెట్ శాంటా’లో ఈ మధ్యలో జరిగే తమాషానే ఎగిరిపోయింది. చీటీలు యాప్ వేస్తుంది. కావలసినదాని లింకు పుచ్చుకునేవాళ్లే పెట్టేస్తారు. డెలివరీ కుర్రాడు తెచ్చి పడేస్తాడు. పక్క సీటు మనిషి గురించి తెలుసుకోవలసిన పనే లేదు. హెచ్ఆర్ వారు ఈసారి లింకులు రద్దు చేసి, మనిషికి నాలుగు పంక్తుల పద్యం రాయమంటే బాగుంటుంది. ఛందస్సు అక్కర్లేదు. మేనేజరు పేరు ఎవరి చీటీలో వస్తుందో, వాళ్లది అదృష్టం.